సీటు కంటే ముందు తిరుగు దారి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. అమ్మాయి నీట్‌లో క్వాలిఫై అయింది కానీ కన్వీనర్ కోటాలో సీటు వచ్చే ర్యాంకు కాదు. మేనేజ్‌మెంట్ సీటుకు డబ్బు చాలదు. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కన్సల్టెన్సీ వాళ్ళు రష్యాలో మెడిసిన్ చదువుకు ఆరేళ్ళకూ కలిపి పాతిక లక్షలు, ఇంగ్లిష్ మీడియం, హాస్టల్లో మన భోజనం అని చెప్పారు. పంపించవచ్చా, వద్దా?

నేను తెనాలి పక్క పల్లెటూరి నుంచి 2013లో రష్యాలోని కజాన్ వెళ్ళి, 2019లో చదువు ముగించుకుని వచ్చాను. విదేశాల్లో మెడిసిన్ చదివినవాళ్ళు ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్ష మొదటిసారి తప్పాను, కరోనా వల్ల ఆలస్యంగా జరిగిన తరవాతి పరీక్షలో గట్టెక్కాను. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి జీజీహెచ్‌లో ఇంటర్న్‌షిప్ చేసి, ఇప్పుడు గుంటూరులోనే డ్యూటీ డాక్టర్‌గా పనిచేస్తున్నాను. పంపించవచ్చండీ. అయితే లెక్క అక్కడి సీటు దగ్గర మొదలుపెట్టకండి. అమ్మాయి తిరిగొచ్చి మన ఊళ్ళో రోగిని చూసే రోజు దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి. మా నాన్నగారు, నేను ఆ పని చేయలేదు. చేసి ఉంటే చాలా కన్నీళ్ళు తప్పేవి.

ముందు రూల్స్. నేను వెళ్ళేటప్పుడు నీట్ అవసరం లేదు, 2018 నుంచి తప్పనిసరి చేశారు. 2021 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ ఇంకా గట్టి షరతులు పెట్టింది. కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లిష్ మీడియంలో సాగాలి. చదివిన చోటే 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, ఇక్కడికి వచ్చాక మళ్ళీ 12 నెలలు చేయాలి. ఆ డిగ్రీతో అక్కడి దేశంలో కూడా ప్రాక్టీసుకు రిజిస్ట్రేషన్ దొరకాలి. కన్సల్టెన్సీ వాళ్ళను ఈ షరతులు ఒక్కొక్కటీ చదివి అడగండి. జవాబు కాలేజీ లెటర్‌హెడ్ మీద కావాలనండి. "అవన్నీ మేం చూసుకుంటాం" అంటే లేచి వచ్చేయండి. ఆన్‌లైన్ క్లాసులతో నెట్టుకొచ్చే కాలం కూడా పోయింది. కరోనా, ఉక్రెయిన్ యుద్ధం వల్ల చివరి ఏడాది ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో ముగించినవాళ్ళకు ఇక్కడ ఒక ఏడాదికి బదులు రెండేళ్ళ ఇంటర్న్‌షిప్ పడింది.

ఇంగ్లిష్ మీడియం అన్న మాట నిజమే, క్లాసు వరకు. మూడో ఏడు నుంచి వార్డుల్లోకి వెళ్తాం. అక్కడ మంచం మీద ఉన్న బామ్మకు ఇంగ్లిష్ రాదు. "ష్తో వాస్ బెస్పకోయిత్" అని అడగాలి, అంటే మిమ్మల్ని బాధపెడుతున్నదేమిటి అని. అడగడం వారంలో వచ్చేస్తుంది. ఆమె గుక్కతిప్పుకోకుండా చెప్పే పది వాక్యాలు అర్థం కావడానికే రెండేళ్ళు పడుతుంది. మా బ్యాచ్‌లో రష్యన్‌ను పాసైతే చాలు అనుకున్నవాళ్ళు గోడకు ఆనుకుని నిలబడి, గంట కాగానే హాస్టల్‌కు వెళ్ళిపోయేవాళ్ళు. నేనూ వార్డుల్లో మొదటి ఏడాదిన్నర అలాగే గడిపాను. ఒక రోజు గైనిక్ వార్డులో టీచరమ్మ నన్ను పక్కకు పిలిచి, "నీకు రోగి మాట వినపడటం లేదు, మరి నువ్వు ఏం నేర్చుకుంటున్నావు?" అని మెల్లగా అడిగింది. ఆ రాత్రి నుంచి రోజుకు ఇరవై మాటలు రాసుకున్నాను. అమ్మాయి వెళ్ళేలోపే రష్యన్ అక్షరాలు, అంకెలు నేర్పించండి. ఇది ఖర్చులేని పని, దీనికంటే లాభం వచ్చేది ఇంకొకటి లేదు.

ఇంకో మాట అక్కడ రోజూ వినపడుతుంది, ఓత్రబోత్కా. ఒక్క క్లాసు తప్పినా తరవాత వెళ్ళి ఆ పాఠం టీచర్‌కు అప్పజెప్పాలి. అవి పేరుకుపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. పరీక్షలు చాలావరకు నోటితో చెప్పేవే. చీటీ తీస్తాం, అందులో వచ్చిన ప్రశ్నకు ఎదురుగా కూర్చుని చెప్పాలి. అలా చదివినది బాగా మనసుకు పడుతుంది. కానీ ఎఫ్‌ఎంజీఈ వేరే తరహా. 300 ప్రశ్నలు, అన్నీ నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపెట్టేవే, 150 వస్తే పాస్. అందులో 30 ప్రశ్నలు కమ్యూనిటీ మెడిసిన్‌వి, అంటే ప్రజారోగ్యానివి. మన దేశపు టీకాల పట్టిక, మన క్షయ కార్యక్రమం కజాన్‌లో ఎవరు చెప్తారు? మొదటిసారి నాకు 138 వచ్చాయి. 2024 జూన్ పరీక్షలో పాసైనవాళ్ళు సుమారు అయిదో వంతే. భయపెట్టడానికి చెప్పడం లేదు. మూడో ఏడు నుంచే మన పుస్తకాలు పక్కన పెట్టుకుని చదివిన నా రూమ్మేట్ మొదటిసారే పాసైంది.

ఆ పాస్ కూడా సగం దారే. జీజీహెచ్‌లో నా మొదటి వారంలోనే, మిర్చి తోటలో పురుగుల మందు కొడుతూ పడిపోయిన రైతును అర్ధరాత్రి తీసుకొచ్చారు. ఒళ్ళంతా చెమట, నోట్లో నురగ, కంటిపాపలు గుండుసూది మొనంత. విరుగుడుగా అట్రోపిన్ ఇవ్వాలని నాకు తెలుసు. కోచింగ్‌లో వందసార్లు చదివాను. చేతులు మాత్రం కదల్లేదు, ఎందుకంటే ఆరేళ్ళలో అక్కడ అలాంటి కేసు ఒక్కటీ చూడలేదు. పక్కనున్న పీజీ, స్టాఫ్ నర్సు అందుకుని చేశారు, ఆయన బతికారు. పాముకాటు, డెంగ్యూ కూడా నాకు ఇక్కడే మొదటిసారి. అందుకే అమ్మాయి ప్రతి సెలవులకూ వచ్చినప్పుడు తెలిసిన డాక్టర్‌ను అడిగి ఇక్కడి వార్డులో నాలుగు వారాలు పక్కన నిలబడేలా చూడండి. ఇది రూల్స్‌లో లెక్కకు రాదు, చేతికి మాత్రం వస్తుంది.

డబ్బు సంగతి. నన్ను పంపిన ఏజెంటు "ఒక్కసారి కట్టేది" అని తీసుకున్నది రెండో ఏడు మళ్ళీ అడిగాడు. అప్పటికే అర ఎకరం అమ్మిన నాన్న వడ్డీకి తెచ్చి కట్టారు. ఆ సంగతి నాకు చదువయ్యాక తెలిసింది. కాబట్టి ఫీజు నేరుగా కాలేజీ ఖాతాకే కడతామనండి. ఆ పాతిక లక్షల్లో టికెట్లు, వీసా పొడిగింపు, ఇన్సూరెన్స్, చలి బట్టలు ఉన్నాయేమో అడగండి. తిరిగొచ్చాక కోచింగ్, సంపాదన లేని ఒకటి రెండేళ్ళు ఎటూ అందులో ఉండవు, అవి మీరే కలుపుకోవాలి. ఫీజు రూబుళ్ళలోనా, డాలర్లలోనా అన్నది కూడా తేల్చుకోండి. నేను వెళ్ళిన ఏడాది డాలరు అరవై రూపాయల దగ్గర ఉండేది, ఇప్పుడు ఎనభై అయిదు దాటింది. 2022 తరవాత చాలా రష్యా బ్యాంకుల మీద ఆంక్షలు వచ్చాయి, మన వీసా, మాస్టర్ కార్డులు అక్కడ పనిచేయవు. డబ్బు పంపడమే పెద్ద టెన్షన్ అని జూనియర్లు చెప్తున్నారు.

చలి గురించి అందరూ అడుగుతారు. వోల్గా నది గడ్డకడితే దాని మీద నడిచి వెళ్ళేవాళ్ళం. కాలవల్లో ఈది పెరిగినదాన్ని, మొదటిసారి ఆ మంచు మీద అడుగు వేసినప్పుడు ఒళ్ళు జలదరించింది. అలవాటవుతుంది. అలవాటు కానిది ఫోన్లో అమ్మ గొంతు.

ఇంతా రాశాను కానీ, మీ ప్రశ్నలో అమ్మాయి ఏమంటుందో ఎక్కడా లేదు. ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి. ఇంకో ఏడాది నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చదువుతానంటే చదవనివ్వండి. విదేశీ అడ్మిషన్‌కు ఈ నీట్ అర్హత మూడేళ్ళు చెల్లుతుంది. "ఈ వారంలో కట్టకపోతే సీటు పోతుంది" అని ఎవరైనా ఫోన్ చేస్తే కంగారు పడకండి.