70 జీబీ తగ్గింది, కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి వీడియోలు దాచుకుందామని 20 నెలల కిందట 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొన్నాను. రెండు పార్టిషన్లు చేసి ఫార్మాట్ చేస్తే ఒక్కోటీ 465 జీబీనే చూపిస్తోంది. అడిగితే షాపతను నలుగురిలో అవమానించాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. బిల్లు పోయింది. వేరే షాపు నుంచి పాత తేదీతో బిల్లు ఇప్పిస్తానని స్నేహితుడు అంటున్నాడు. కేసు వేయొచ్చా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ కేసును తేల్చేది షాపతని మాటలు కావు, డిస్కులోని బైట్ల లెక్క. ఒక్కో పార్టిషన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. కెపాసిటీ దగ్గర జీబీతోపాటు బైట్లూ ఉంటాయి. రెండింటివీ కూడండి. ఇంచుమించు లక్ష కోట్లు వస్తే మీకు అమ్మిన సరుకులో లోటు లేదు, కేసూ లేదు. తయారీదారు లెక్కలో 1 టీబీ అంటే వెయ్యి జీబీ, జీబీ అంటే 100 కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో 107 కోట్ల పైచిలుకు, ఎందుకంటే అది వెయ్యికి బదులు 1024తో హెచ్చవేస్తుంది. అందుకే లక్ష కోట్ల బైట్లు అక్కడ 931 జీబీగా కనిపిస్తాయి. మీ రెండు 465లు కలిపినా దాదాపు అంతే. ఫార్మాట్‌లో ఫైళ్ల పట్టికకు పోయేది చాలా కొద్ది. పెట్టె మీద చిన్న అక్షరాల్లో జీబీకి ఎన్ని బైట్లో రాసి ఉంటే, తప్పుదోవ పట్టించారన్న వాదన కూడా బలహీనపడుతుంది. అమెరికాలో ఇదే వివాదంలో 2007లో హార్డ్ డిస్కులు తయారుచేసే సీగేట్ కంపెనీ కొనుగోలుదారులతో రాజీకి వచ్చింది. కానీ అది రాజీ, తీర్పు కాదు. దాన్ని నమ్ముకోకండి.

బైట్లు నిజంగానే బాగా తక్కువ వస్తే అది లోపమున్న సరుకు. అప్పుడు అసలు సమస్య గడువు. వినియోగదారుల రక్షణ చట్టం-2019, సెక్షన్ 69 ప్రకారం వివాదానికి కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలో వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయాలి. కొన్న రోజు నుంచే లెక్కేసుకోండి, మీకు మిగిలింది నాలుగు నెలలే. షాపు చుట్టూ తిరిగినా, నోటీసు ఇచ్చినా గడువు ఆగదు. ఆలస్యాన్ని మన్నించాలంటే గట్టి కారణం చూపాలి.

వేల రూపాయల వస్తువు కొని బిల్లు దాచుకోకపోవడం మీ తప్పే. దాన్ని దొంగ బిల్లుతో కప్పిపుచ్చాలని చూస్తే కేసు పోవడమే కాదు, మీరే ముద్దాయి అవుతారు. కమిషన్ ముందు జరిగేదీ న్యాయవిచారణే, అక్కడ అబద్ధపు సాక్ష్యం సృష్టించడం నేరం. యూపీఐ లేదా బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి, ఆ తేదీ చెప్పి షాపులో డూప్లికేట్ బిల్లు అడగండి. డిస్క్ సీరియల్ నంబరు, పెట్టె ఫొటోలు భద్రపరచండి.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఫలించకపోతే మీ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, వస్తువుకు చెల్లించిన ధర రూ.5 లక్షల లోపుంటే ఫీజు లేదు. కమిషన్ డిస్కును ల్యాబ్‌కు పంపొచ్చు కాబట్టి మళ్లీ ఫార్మాట్ చేయకండి. ఈలోగా పెళ్లి వీడియోలను ఇంకో డిస్కులోకి కాపీ చేసుకోండి.