కెర్నింగ్, లీడింగ్, గట్టర్... ఈ మాటలు బుర్రకెక్కాలంటే ఏం చెయ్యాలి?

శ్రీకాకుళంలో డిజైన్ కోర్సులో చేరాననీ, కెర్నింగ్, ట్రాకింగ్, లీడింగ్, గట్టర్, బ్లీడ్ అంటూ ఎంత బట్టీ పట్టినా పరీక్షలో ఒకదాని అర్థం ఇంకోదానికి రాసేస్తున్నాననీ అడిగారు. నాకూ అలాగే అయ్యేది. 18 ఏళ్లుగా విజయనగరంలో డీటీపీ పని చేస్తున్నాను, నాకు దొరికిన కిటుకు ఒకటే. ఇవి అక్షరాల పేర్లు కావు, ఖాళీల పేర్లు. ఏ ఖాళీ తగ్గితే ఏం పాడవుతుందో ఒకసారి కళ్లారా చూస్తే ఇక మర్చిపోరు.

నాకు లీడింగ్ ఒక శుభలేఖ నేర్పింది. గంటస్తంభం దగ్గర ఓ ప్రెస్‌లో చేరిన కొత్త. పేజీలు పేర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను అనే పాతకాలపు తెలుగు ఫాంట్లు, వీటితోనే పని. కార్డులో చోటు చాలక వరసలు దగ్గరికి లాగేశాను. అక్షరం 14 పాయింట్లు, లీడింగూ, అంటే వరసకీ వరసకీ ఉండే దూరమూ 14. మా మెషిన్ తాత ప్రూఫ్ చూసి, "ఒరే గుంటడా, ఈ లక్ష్మికేటయ్యింది? వత్తులు కింద వరస నెత్తినెక్కి కూకున్నాయి, సూడు" అన్నాడు. నిజమే. 'లక్ష్మి'లో క కింద ష వత్తు, ఆపైన మ వత్తు కూడా ఉందా, అదెళ్లి కింది వరసలో 'చిరంజీవి' గుడిలో దూరింది. తాత పాత సొరుగు లాగి ఓ సన్నటి సీసపు పట్టీ నా చేతిలో పెట్టాడు. సీసం అక్షరాలు పేర్చే కాలంలో వరసకీ వరసకీ మధ్య ఆ పట్టీలే పెట్టేవారట. సీసాన్ని ఇంగ్లిష్‌లో లెడ్ అంటారు కదా, లీడింగ్ అన్న మాట అక్కణ్ణుంచి వచ్చిందే. అందుకే దాన్ని లెడ్డింగ్ అని పలకాలి, నడిపించే లీడింగ్ కాదు.

లీడింగ్ కొలిచేది ఒక వరస బేస్‌లైన్ (అక్షరాలు కూర్చునే గీత) నుంచి తర్వాతి వరస బేస్‌లైన్‌కి. అంగుళానికి 72 పాయింట్లు. సాఫ్ట్‌వేర్ ఆటో అని వదిలేస్తే 120 శాతం ఇస్తుంది, అంటే 12 పాయింట్ల అక్షరానికి 14.4. ఇంగ్లిష్‌కి అది సరిపోతుంది. మన రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి లాంటి మాటలకి కింద చోటు ఎక్కువ కావాలి. నేను 140 శాతం దగ్గర మొదలుపెట్టి, ఫాంటుని బట్టి పెంచుతాను.

కెర్నింగ్ రెండు అక్షరాల మధ్య సర్దుబాటు. ఇంగ్లిష్ పెద్ద బడి ఏ పక్కన వీ పెట్టి చూడండి, మధ్యలో సందు తేలిపోతుంది. పేజీ తలకిందులుగా తిప్పి చూస్తే ఇంకా బాగా పట్టుబడుతుంది. ట్రాకింగ్ అంటే మాట మొత్తానికో పేరా మొత్తానికో ఒకేలా ఎడం పెంచడం, తగ్గించడం. అను ఫాంట్లలో ట్రాకింగ్ పెంచి చూడండి, సరదాగా ఉంటుంది: వత్తులు విడివిడి ముక్కలు కాబట్టి అసలు అక్షరాన్ని వదిలేసి పక్కకి జరుగుతాయి. ఇప్పుడు ఫోన్లలో, వెబ్‌లో వాడే యూనికోడ్ ఫాంట్లలో ఆ గొడవ తక్కువ, కానీ ఇన్‌డిజైన్ అనే పేజీ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టకపోతే వత్తులు పొల్లులుగా విడిపోవచ్చు.

గట్టర్ అంటే మురిక్కాలవ గుర్తొస్తుంది, రానివ్వండి. రెండు కాలమ్‌ల మధ్య పారే సందు అది. పుస్తకంలో బైండింగ్ వైపు లోపలి ఖాళీనీ అదే పేరుతో పిలుస్తారు. అది తక్కువ పెడితే వరస మొదళ్లు కుట్టులోకి పోయి, పుస్తకం విరిచి చదవాలి.

బ్లీడ్ మాత్రం నాకు డబ్బు పోగొట్టి నేర్పింది. సిరిమానోత్సవానికి వేసిన కరపత్రంలో ఎర్ర రంగుని సరిగ్గా కోత గీత దగ్గరే ఆపేశాను. కట్టింగ్‌లో కత్తి అర మిల్లీమీటరు జరిగింది, కట్టలన్నిటికీ ఒక అంచున తెల్ల దారం. మళ్లీ నా ఖర్చుతో వేశాం. రంగుని కోత గీత దాటి నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు బయటికి పోనివ్వాలి, ఆ అదనపు అంచే బ్లీడ్. ఏ4 కాగితం 210 బై 297 అయితే ఫైలు 216 బై 303.

మన గురజాడ, గిడుగు పేర్లతో గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా తెలుగు ఫాంట్లున్నాయి. ఒకే పేరాని గురజాడ ఫాంటులో, మండలి అనే ఇంకో ఫాంటులో ఒకే సైజులో పెట్టి పక్కపక్కన ప్రింటు తియ్యండి. పాయింట్లు ఒకటే అయినా అక్షరం కంటికి ఒకటే సైజులో ఉండదని తెలుస్తుంది. తర్వాత ఓ పాత శుభలేఖ తీసుకుని, స్కేలుతో ఖాళీలన్నీ గీసి పక్కన పేర్లు రాయండి. మా ప్రెస్‌లో కొత్తవాళ్లకి మొదటి పని అదే. అమ్మానాన్నల పెళ్లి కార్డు మాత్రం తియ్యకండి, ఇంట్లో ఊరుకోరు.