లెక్కలంటే భయపడే అమ్మాయికి సముద్ర జీవుల చదువు నప్పుతుందా?

ప్రశ్న: మేము హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటున్నాము. మా అమ్మాయి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. సముద్రంలో చేపలు, తాబేళ్లు తరిగిపోతున్నాయని, వాటిని కాపాడే పని చేస్తానని, నీట్ మాత్రం రాయనని అంటోంది. లెక్కలంటే భయపడి బైపీసీ తీసుకున్న పిల్ల. సముద్రమే లేని ఊళ్లో ఉండి ఈ చదువు చదివితే బతుకుతెరువు దొరుకుతుందా? ఏ కోర్సులో చేర్పించమంటారు?

జవాబు: అమ్మా, నమస్కారం. సముద్రం దూరంగా ఉండటం మీ అమ్మాయికి పెద్ద అడ్డంకి కాదు. లెక్కలంటే భయం మాత్రం అడ్డంకే. అందుకని ముందు దాని గురించే కాస్త వివరంగా రాస్తాను.

చేపలను కాపాడాలంటే ముందుగా తేలవలసినవి రెండు విషయాలు: సముద్రంలో ఎన్ని ఉన్నాయి, మనం ఎన్ని పడుతున్నాము. అడవిలో జింకలనైతే కంటితో చూసి లెక్కపెట్టవచ్చు గాని సముద్రంలో ఆ వీలు లేదు. అందువల్ల లెక్క రేవులో మొదలవుతుంది. కొచ్చి కేంద్రంగా పనిచేసే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సిబ్బంది ముందుగా ఎంచుకున్న రోజుల్లో రేవులకు వెళ్లి, పడవల నుంచి దిగిన చేపలను జాతుల వారీగా తూచి, కొన్నింటి పొడవు కొలిచి, పొట్ట కోసి గుడ్లు ఎంతవరకు ఎదిగాయో చూస్తారు. చేప తలలో, లోపలి చెవిలో చిన్న రాళ్లు ఉంటాయి. చెట్టు మానులో వలయాలు ఏర్పడినట్టే వాటిలోనూ వలయాలు ఏర్పడతాయి, కొన్ని జాతులలో ఆ వలయాలను బట్టి వయసు చెప్పవచ్చు. ఈ కొలతలన్నిటి నుంచీ ఆ జాతి ఎంత వేగంగా పెరుగుతోంది, ఏటా తనంతట తాను చచ్చేవి ఎన్ని, వలకు చిక్కేవి ఎన్ని, వచ్చే ఏడాదికి మిగిలే తల్లి చేపలు ఎన్ని అన్న అంచనాలు గణితంతోనే రాబట్టాలి. సంఖ్యాశాస్త్రం రాకుండా ఈ రంగంలోకి వచ్చిన పిల్లలు తాము సేకరించిన వివరాలకు తామే అర్థం చెప్పలేక ఇతరుల మీద ఆధారపడవలసి వస్తుంది.

ఆ లెక్క ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణ చెబుతాను. కేరళ తీరంలో 2012లో దాదాపు 3.9 లక్షల టన్నుల నూనె కవళ్లు (ఆయిల్ సార్డైన్ చేపలు) దొరికాయి. 2021లో దొరికినవి 3,297 టన్నులే. పిల్ల చేపలను కూడా విపరీతంగా పట్టడం ఒక కారణం కాగా, 2015 నాటి ఎల్ నినో (పసిఫిక్ మహాసముద్ర జలాలు మామూలు కంటే వేడెక్కడం) వల్ల సముద్రంలో వచ్చిన మార్పులు మరొక కారణమని శాస్త్రవేత్తలు గుర్తించారు. ఏటేటా రాసిపెట్టిన లెక్కలే లేకపోతే ఈ రెండు కారణాలనూ విడదీసి చూడటం ఎవరి వల్లా అయ్యేది కాదు. కవళ్లైతే 10 సెంటీమీటర్లు, కానాగుర్తలైతే (మాకెరెల్ చేపలు) 14 సెంటీమీటర్లు ఎదగనిదే పట్టకూడదంటూ కేరళ ప్రభుత్వం 58 జాతులకు కనీస పొడవులు నిర్ణయించింది. ఆ అంకెల వెనుక ఉన్నది రేవుల్లో కూర్చుని కొలబద్దతో చేసిన పనే.

మీ అమ్మాయి అన్నట్టు అన్నీ తరిగిపోతున్నాయనడం కూడా పూర్తిగా సరికాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కల ప్రకారం ప్రపంచంలో మితిమీరిన వేటకు గురైన చేపల నిల్వలు (నిల్వ అంటే ఒక ప్రాంత సముద్రంలో ఉన్న ఒక జాతి చేపల మొత్తం) 1974లో 10 శాతం ఉండగా 2021 నాటికి 37.7 శాతానికి చేరాయి. మన దేశంలో 2022లో పరిశీలించిన 135 నిల్వలలో మాత్రం 91.1 శాతం ఆరోగ్యంగానే ఉన్నాయని తేలింది. ఈ రెండో అంకెను చూసి నిశ్చింతగా ఉండవచ్చని నేను అనను. ఎందుకంటే కవళ్లలా త్వరగా ఎదిగి వేలకొద్దీ గుడ్లు పెట్టే చేపలు దెబ్బతిన్నా కోలుకోగలవు గాని, ఆలస్యంగా ఈడుకు వచ్చి కొద్ది పిల్లలనే కనే సొరచేపలు, టేకు చేపలు అలా కోలుకోలేవు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేపలు అంతరించే దశకు చేరడంతో 1992లో వేట ఆపేశారు. దాదాపు 30,000 మంది ఉపాధి పోయింది; నిషేధం పూర్తిగా ఎత్తివేసేసరికి 2024 వచ్చింది. ఏ జాతి, ఏ తీరంలో, ఎంత తరిగిందని అడగడం మీ అమ్మాయికి అలవాటు కావాలి.

రెండో విషయం మనుషులకు సంబంధించినది. చేపలను కాపాడే పనిలో రోజులో ఎక్కువ భాగం మత్స్యకారులతో మాట్లాడటానికే సరిపోతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి సంతతిని పెంచుకోవడానికి ఇచ్చిన ఆ గడువులో ప్రభుత్వం భృతి ఇచ్చినా, రెండు నెలల రాబడి పోయిన కుటుంబానికి అది ఎంతవరకు సరిపోతుందో ఆ ఇంటి వాకిట్లో కూర్చుని వింటేనే తెలుస్తుంది. మృగశిర కార్తె నాడు మన నగరమంతా చేపల కోసం బారులు తీరుతుంది. ఆ రోజు కూడా మన తీరంలో మరపడవలు ఒడ్డునే ఉంటాయని ఇక్కడ చాలామందికి తెలియదు.

వలల సంగతీ అంతే. ట్రాలర్ (వలను నీటిలో ఈడ్చుకుంటూ వెళ్లే మరపడవ) వల చివరి సంచికి వజ్రాకారపు కన్నులుంటే, లాగినప్పుడు అవి మూసుకుపోయి పిల్ల చేపలు కూడా లోపలే ఉండిపోతాయి. చదరపు కన్నులుంటే తెరుచుకునే ఉండి చిన్నవి తప్పించుకుంటాయి. వలలో చిక్కిన తాబేలు ఊపిరి తీసుకోవడానికి పైకి రాలేక చనిపోతుంది కాబట్టి, అది బయటపడే దారి ఉన్న చట్రాన్ని వలకు అమర్చాలి. ఈ రెండూ మన శాస్త్రవేత్తలు ఇక్కడి వలలకు తగినట్టు తయారుచేసి ఇచ్చినవే. అయినా తాబేలుతో పాటు రొయ్య కూడా జారిపోతుందన్న భయంతో చాలామంది వాటిని వాడటానికి వెనుకాడతారు. ఆ భయం అర్థం లేనిదని కొట్టిపారేసే అధికారి మాట రేవులో ఎవరూ వినరు. గుజరాత్‌లో తిమింగల సొర వలలో పడితే వల కోసి దానిని వదిలేసే మత్స్యకారుడికి అటవీశాఖ వల ఖరీదు చెల్లిస్తోంది. 2001లో ఆ చేపను వన్యప్రాణి చట్టంలో అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో చేర్చడం అవసరమే గాని, వల ఖరీదు ఇవ్వడం వల్లనే ఆ చట్టం సముద్రంలో అమలైందని నా నమ్మకం.

ఇక చదువు విషయం. ఇంటర్ బైపీసీ తరువాత నాలుగేళ్ల బీఎఫ్ఎస్సీ (మత్స్య శాస్త్రంలో డిగ్రీ) నా మొదటి సలహా. తెలంగాణలో వనపర్తి జిల్లా పెబ్బేరులో, ఆంధ్రప్రదేశ్‌లో నెల్లూరు దగ్గర ముత్తుకూరులో మత్స్య కళాశాలలు ఉన్నాయి. రాష్ట్రంలోని సీట్లకు ఈఏపీసెట్, జాతీయ కోటా సీట్లకు సీయూఈటీ రాయాలి. చేపల జీవశాస్త్రంతో పాటు పడవలు, వలలు, సముద్ర శాస్త్రం, సంఖ్యాశాస్త్రం కూడా ఇందులో ఉంటాయి. మత్స్యశాఖలో అభివృద్ధి అధికారి ఉద్యోగానికి ఈ పట్టా నేరుగా పనికొస్తుంది. అయితే ఆ నోటిఫికేషన్లు ఏటా రావు. ఈ కోర్సు చదివినవారిలో చాలామంది రొయ్యల హేచరీలకు, మేత కంపెనీలకు వెళతారన్నది కూడా నిజం. అది గౌరవంగా బతకగలిగే పనే. మీ అమ్మాయి కోరుకున్నది మాత్రం అది కాదు. సంరక్షణ వైపే ఉండాలంటే ఆమె మత్స్య వనరుల నిర్వహణలో ఎంఎఫ్ఎస్సీ (మత్స్య శాస్త్రంలో పీజీ) చేయాలి. దానికి ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ మంచి చోటు. ఆ పైన పీహెచ్‌డీ కూడా పూర్తిచేసి, కేంద్ర వ్యవసాయ, మత్స్య పరిశోధన సంస్థలకు శాస్త్రవేత్తలను ఎంపిక చేసే ఏఆర్ఎస్ పరీక్ష రాసి శాస్త్రవేత్త కావచ్చు.

ఆ సీటు రాకపోతే హైదరాబాద్‌లోనే జంతుశాస్త్రంతో బీఎస్సీ చేసి, తరువాత విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోగాని, తమిళనాడు పరంగిపేటలో అన్నామలై విశ్వవిద్యాలయం వారి కేంద్రంలోగాని మెరైన్ బయాలజీలో పీజీ చేయవచ్చు. ఈ దారిలో పరిశోధనకు అవకాశం ఎక్కువే గాని, పీహెచ్‌డీ దాకా వెళ్లనిదే స్థిరమైన ఉద్యోగం రావడం కష్టం. అంటే ఇప్పటి నుంచి సుమారు పదేళ్లు మీరు ఓపిక పట్టాలి. ఇంటి ఆర్థిక పరిస్థితి అందుకు సహకరించకపోతే అమ్మాయికి ఆ మాట ఇప్పుడే చెప్పండి. స్కూబా శిక్షణకో, విదేశాల్లో వేసవి శిబిరాలకో ఇప్పుడు లక్షలు ఖర్చుపెట్టకండి. అవి లేకపోవడం వల్ల ఏ సీటూ ఆగదు.

సముద్రం లేని ఊరని మీరు అన్నారు. సముద్రం గురించి దేశానికి సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్ మన ప్రగతినగర్‌లోనే ఉంది. ఉపగ్రహాలు చూపే నీటి ఉష్ణోగ్రతను, పత్రహరితాన్ని బట్టి చేపలు ఎక్కడ గుమిగూడతాయో మత్స్యకారులకు చెప్పేది, పగడపు దిబ్బలు పాలిపోయే ప్రమాదం ఉంటే హెచ్చరించేది ఆ సంస్థే. చేపల జాడ చెప్పడం వల్ల డీజిల్ ఆదా అవుతుంది, అదే సమాచారం వేటను పెంచనూ గలదు. వేట నిషేధ కాలంలో ఆ సూచనలు ఇవ్వరు. అత్తాపూర్‌లో సీసీఎంబీ పరిశోధన సంస్థ వారి వన్యప్రాణి ప్రయోగశాల లాకోన్స్‌లో ఒక చిన్న ముక్క నుంచి డీఎన్ఏ తీసి అది ఏ జీవిదో తేలుస్తారు. జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు కార్యాలయం కూడా నగరంలోనే ఉంది. విమానాశ్రయానికి వెళ్లే ఎక్స్‌ప్రెస్‌వే పక్కన చేప ఆకారంలో కనిపించే భవనం అదే. ఇంటి నుంచి వెళ్లివచ్చే దూరంలో ఇన్ని సంస్థలున్న పిల్లలు మన దేశంలో తక్కువ.

కోర్సు నిర్ణయించే ముందు ఒక పని చేయించండి. ఎనిమిది ఆదివారాలు ఉదయం ఆరున్నరకు అమ్మాయిని రామ్‌నగర్ చేపల మార్కెట్‌కు తీసుకువెళ్లండి. చేతిలో స్కేలు, నోటుపుస్తకం ఉండాలి. అమ్మే ఆవిడను అడిగి, ఆమె తీరిక చూసుకుని, ప్రతివారం పది కానాగుర్తల పొడవు కొలిచి రాయాలి. అవి ఏ రేవు నుంచి ఐసులో వచ్చాయో కూడా అడిగి రాయాలి. ఆ చేప శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిజర్ కనగుర్తా. పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో చేపలను సేకరించి 1803లో ప్రచురించిన వివరణల్లో మన మత్స్యకారులు పిలిచే పేర్లే రాసుకున్నాడు. ఆ తెలుగు మాటే నేటికీ ప్రపంచమంతటా ఆ చేప పేరుగా నిలిచింది. ఈ సంగతి అమ్మాయికి చెప్పండి, సంతోషిస్తుంది.

ఎనిమిది వారాల తరువాత ఆ ఎనభై కొలతల సగటు కట్టి, 14 సెంటీమీటర్ల లోపు ఎన్ని ఉన్నాయో లెక్క తీసి, వారం వారం తేడా ఎందుకు వచ్చిందో ఒక పేజీ రాయమనండి. ఈఏపీసెట్ అయ్యాక, జూన్ 14 తరువాత వేట మొదలైన వారంలో, విశాఖ హార్బర్‌కో కాకినాడకో తీసుకువెళ్లి తెల్లవారుజామున వేలంపాట చూపించండి. ఆ వాసనలో, ఆ తోపులాటలో నాలుగు గంటలు నిలబడి కూడా తన నోటుపుస్తకం తెరిచి రాసుకుంటే, వెబ్ ఆప్షన్లలో బీఎఫ్ఎస్సీని మొదట పెట్టండి.