గుమ్మడి పాదు పెట్టే ముందు పందిరి సంగతి

అమ్మలూ,

పెరట్లో ఆ కాస్త జాగాలో గుమ్మడి పాదు పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. గుమ్మడి తీగ నాలుగైదు మీటర్లు ఊరికే పాకేస్తుంది, నీ జాగా చూస్తే మంచమంత!

గింజ నాటడం నీకు తెలిసిందే. బాగా చివికిన ఎరువు, ఎండ, మొదట్లో నీళ్లు. రెండు పాదులు చాలు, నాలుగంటే నేనొప్పుకోను.

పందిరి సంగతి మాత్రం నిదానంగా చదువు. మీ నాన్న పెళ్లికి ముందు ఒకసారి గుమ్మడిని పందిరెక్కించాడు. సన్నటి కర్రలు జానెడు లోతున పాతి, పురికొసతో కట్టాడు. "లేత తీగే కదక్కా, ఎంత బరువుంటుంది?" అన్నాడు. మొదట్లో నిజంగానే బరువు లేదు. తర్వాత ఆకులు దట్టంగా కమ్ముకున్నాయి, కాయలు ఊరాయి, అడుగున పురికొస నానుతూ చివికిపోతున్నా ఎవరమూ చూడలేదు. ఒక రాత్రి గాలివాన వచ్చింది. తడిసిన ఆకులకు గాలి తగిలి పందిరి మొత్తం ఒరిగిపోయింది. తెల్లారి చూస్తే మొదలు దగ్గర కాడ చీలిపోయి ఉంది. అది లోపల బోలుగా ఉంటుంది, నలిగితే ఇక నిలబడదు. మధ్యాహ్నానికి ఆకులన్నీ వేలాడిపోయాయి. వాడు అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు, ముద్ద నోట్లో పెట్టలేదు. నీదీ వాడి తొందరే, అందుకే ఇంత చెప్పడం.

గుంజలు మూరెడు లోతున పాతు. అదీ గింజ వేయకముందే, తర్వాత తవ్వితే వేళ్లు తెగుతాయి. పందిరికి చిన్న కాయల రకమే ఎంచుకో. పెద్ద కాయల రకమైతే నేల మీదే మడి చుట్టూ తిప్పుకో. తీగను పొద్దున్నే వంచకు, నీళ్లు నిండి పెళుసుగా ఉంటుంది. ఎండకు కాస్త మెత్తబడ్డాక, మధ్యాహ్నం దాటి మళ్లించు. కాయ పిడికిలంత అయ్యేసరికి పాత నూలుగుడ్డతో ఊయల కట్టు. ఊయలను పందిరికి కట్టాలి, తీగకు కాదు, విన్నావా?

మొదట అన్నీ మగపూలే వస్తాయి, బెంగపడకు. కింద బుల్లి పిందె ఉన్నది ఆడపువ్వు. తేనెటీగలు కనబడకపోతే పొద్దున్నే మగపువ్వు రేకులు తీసేసి దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో అద్దు. ఎండెక్కితే పువ్వు ముడుచుకుంటుంది. తీగకు రెండు కాయలు నిలిచాక, చివరి కాయ దాటి కొన్ని ఆకులు ఉంచి కొస గిల్లెయ్. గిల్లడానికి నీకు మనసొప్పదని తెలుసు, అయినా గిల్లు తల్లీ. లేకపోతే ఆ తీగ ప్రహరీ దాటిపోతుంది.

పందిరి వేశాక ఫోటో పంపు. గుంజలు ఎంత లోతు పాతావో కూడా రాయి.

మీ అత్త