చెన్నైలో మెరైన్ ఎకాలజీ టీచింగ్, రిసెర్చ్ ఎలా ఉంటాయి?

ఎం.ఎస్సీ జువాలజీ అయ్యాక మెరైన్ ఎకాలజీలో, అంటే సముద్ర జీవులకీ వాటి పరిసరాలకీ ఉన్న సంబంధం మీద, పీహెచ్‌డీ చేసి, చెన్నైలోనే లెక్చరర్‌గా స్థిరపడొచ్చా అని అడిగారు. స్థిరపడొచ్చండీ. కాకపోతే సముద్రంతో కంటే బురదతోనే ఎక్కువ కాలం గడపాలి. మాది సూళ్ళూరుపేట. ఇక్కడ చెన్నైలో ఒక కాలేజీలో చాలా ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. నా పని సముద్రం అడుగున బతికే పురుగుల మీద.

పడవలో గడిపేది ఒక పూటే. గ్రాబ్ అనే తాడు కట్టి దించే పరికరంతో అడుగు నుంచి పైకి తీసిన బురదని అర మిల్లీమీటరు జల్లెడలో కడిగి, మిగిలింది ఫార్మలిన్‌లో వేసి, రోజ్ బెంగాల్ రంగు కలుపుతాం. ఆ తర్వాత వారాల తరబడి మైక్రోస్కోప్ ముందే. గులాబీ రంగెక్కిన పాలీకీట్ (ఒళ్ళంతా కణుపులుండే సముద్రపు పురుగులు) పురుగుల్ని ఒక్కొక్కటే ఏరి, ఒంటి మీది సన్నటి ముళ్ళు చూసి ఏ జాతో తేల్చాలి. ఇంత చాకిరీ దేనికంటే, నీటి పరీక్ష ఆ రోజు సంగతే చెబుతుంది. ఈ పురుగులు ఉన్నచోటు వదిలి దూరం పోలేవు కాబట్టి గడిచిన నెలల సంగతీ వాటిలో తెలుస్తుంది. మిగతా జాతులు తగ్గిపోయి మురుగుని తట్టుకునే కాపిటెల్లా లాంటి పురుగులే గుంపులుగా కనిపిస్తే, అక్కడ మురుగు చేరుతోందని అనుమానించాల్సిందే. జాతి గుర్తుపట్టడం చేతనైనవాళ్ళు తక్కువ. అది నేర్చుకుంటే మీ అవసరం అందరికీ ఉంటుంది.

తిప్పలన్నీ సెమిస్టర్‌తోనే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, చిన్న పడవలతో కష్టం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, చెన్నై చేపల రేవు కాసిమేడులో మరపడవలన్నీ ఒడ్డునే. సముద్రం నెమ్మదిగా ఉండే జనవరి, ఫిబ్రవరిలో మనకి క్లాసులు. యూజీసీ లెక్కన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల బోధన. కాలేజీలకి గ్రేడు ఇచ్చే నాక్ కోసం రాసే ఫైళ్ళ గురించి అడక్కండి.

డబ్బు సంగతి. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో లైఫ్ సైన్సెస్ రాయండి. జేఆర్‌ఎఫ్ (పరిశోధకులకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత 42,000, ఇంటద్దె భత్యం వేరు. అది రాకుండా కేవలం ప్రాజెక్టు జీతం నమ్ముకుని పీహెచ్‌డీలో చేరొద్దంటాను. ప్రాజెక్టు అయిపోయి థీసిస్ సగంలో ఆగినవాళ్ళని చూశాను. తర్వాత రెగ్యులర్ పోస్టు దొరికితే బేసిక్ 57,700. సెల్ఫ్ ఫైనాన్స్ కాలేజీల్లో దాని దరిదాపుల్లో ఉండదు. ఈలోగా చెన్నై పళ్ళికరణైలోని కేంద్ర సముద్ర పరిశోధన సంస్థలు ఎన్‌ఐఓటీ, ఎన్‌సీసీఆర్ ప్రాజెక్టు పోస్టుల ప్రకటనలు చూస్తూ ఉండండి.

టాపిక్ ఇంకా అనుకోకపోతే పులికాట్ సరస్సు చూడండి. చెన్నై సెంట్రల్ నుంచి సూళ్ళూరుపేటకి లోకల్ రైలుంది. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలోనే. సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం ఎప్పుడు పూడింది, ఏ చేప రావడం మానేసింది, మన జాలర్లని తెలుగులోనే అడిగి రాసుకోవచ్చు. ఆంధ్ర, తమిళనాడు రెండువైపులా అభయారణ్యం ఉంది కాబట్టి రెండు రాష్ట్రాల అటవీ శాఖలకీ విడివిడిగా దరఖాస్తు పెట్టాలి. పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ అయిన వెంటనే పెట్టేయండి.