బడికి నడిచే దారి కోసం ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది అంబాజీపేట వైపు ఒక పల్లె. మా పాప ఎనిమిదో తరగతి. హైస్కూలుకి రెండు కిలోమీటర్లు, కాలవ గట్టు మీద రోడ్డే దారి. దానికి మార్జిన్ అనేదే లేదు. కొబ్బరికాయల లారీలు, ఇటుకల ట్రాక్టర్లు తిరుగుతుంటాయి, పాప ఇంటికొచ్చేదాకా టెన్షనే. పంచాయతీలో అడిగితే రోడ్డు ఆర్ అండ్ బీది అన్నారు, వాళ్లనడిగితే గట్టు ఇరిగేషన్‌ది అన్నారు. ఎవర్ని అడగాలి? – ఒక తల్లి, కోనసీమ

జవాబు: అమ్మా, వాళ్లు చెప్పింది అబద్ధం కాదు, చిక్కంతా అక్కడే ఉంది. తారు ఒకరిది, గట్టు ఒకరిది, ఊళ్లో సీసీ రోడ్డు ఇంకొకరిది. మీ పాప నడిచే రెండు కిలోమీటర్లు మాత్రం మొత్తంగా ఎవరి ఫైల్లోనూ లేవు. మన డెల్టాలో ఇలాంటి దారులు చాలా చూశాను. ఒకపక్క నిండుగా పారే కాలవ, రెండోపక్క చేలోకి జారిపోయే ఏటవాలు, మధ్యలో పిల్లలు. కల్వర్టు దగ్గరకొచ్చేసరికి రోడ్డు ఇంకా ఇరుకు, లారీ హారన్ వినగానే పిల్లలు పిట్టగోడకి వీపు ఆనించి, బ్యాగులు ముందుకి తిప్పుకుని వరసగా నిలబడతారు, అది దాటాక మళ్లీ నడుస్తారు. రోజుకి రెండుపూటలా ఇదే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 32,825 మంది కాలినడకన వెళ్తున్నవాళ్లే.

అందుకని ‘మా ఊరికి ఫుట్‌పాత్ వేయండి’ అని అడక్కండి. అలా అడిగితే ఊరి బోర్డు దాకా వేసి ఆపేస్తారు, అసలు భయం ఆ బోర్డు దాటాకే కదా. ఇంటి దగ్గర్నుంచి బడి గేటు దాకా ఒకే దారిగా అడగండి. ఒక తెల్లకాగితం మీద బడి, ఆరోగ్య కేంద్రం, బస్సు ఆగే చోటు, సంత గుర్తుపెట్టి, పిల్లలు, ముసలివాళ్లు నడిచే దారులు గీయండి, దారి తెగిపోతున్న చోట్లు ఎర్ర పెన్నుతో చుట్టండి. దాన్ని గ్రామసభలో పెట్టించి, పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలోకి ఎక్కించండి. పక్క పంచాయతీ కూడా ఇదే తీర్మానం చేస్తే బలం రెట్టింపవుతుంది. ఊళ్ల ప్రణాళికలన్నీ కలిపి జిల్లా ప్రణాళిక తయారుచెయ్యడానికి రాజ్యాంగమే జిల్లా ప్రణాళికా కమిటీని పెట్టమంది, 243జడ్‌డీ అధికరణం అదే. తీర్మానాల కాపీలతో సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ముందు పెట్టమని అడగండి. దానికి అధ్యక్షులు కలెక్టరే, మూడు శాఖలకీ ఒకేసారి చెప్పగలిగేదీ ఆయనే.

పని విషయానికొస్తే, గట్టు తవ్వి ఏదీ కట్టమని అడగొద్దు, గండి పడితే ఊరు మునుగుతుంది. ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు పూడిక తీసిన మట్టి ఎలాగూ గట్టు మీదే పోస్తారు. దాన్ని కుప్పలుగా వదిలెయ్యకుండా చదును చేసి, పైన గ్రావెల్ పోసి రోలర్ తిప్పితే నడవడానికి చాలు. ఇరిగేషన్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. జూన్‌లో నీళ్లు వదలకముందే పని అయిపోవాలి, కాబట్టి అర్జీ సంక్రాంతి లోపే పడాలి.

ప్రశ్న: నేను సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం పనికి వెళ్తాను. దిగాక బస్టాండు దాకా నడక నరకం. రెండు జిల్లాలు కదా, ఎవరు పట్టించుకుంటారు?

జవాబు: వశిష్ఠ దాటితే పశ్చిమ గోదావరి. 2022 ఏప్రిల్‌లో మీ వైపు తూర్పు గోదావరి నుంచి కోనసీమ జిల్లాగా విడిపోయినా మీ నడక మాత్రం అదే. రేవు రెండువైపులా ఏటిగట్టు దగ్గర్నుంచి బస్సు ఎక్కే చోటు దాకా లైటు, నీడ, కనీసం 1.8 మీటర్ల దారి కావాలి. ఫుట్‌పాత్‌కి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కనీస వెడల్పు అది. రెండు కలెక్టరేట్లకీ ఒకే అర్జీ పెట్టండి, ఒకదానిలో రెండోదాని సంగతి రాయండి. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి, రేవుల పనులు ఎలాగూ చేస్తారు, మెట్లతో ఆపెయ్యకుండా మీ బస్టాండు దాకా ఆ పనుల్లోనే చేర్చమని ఇప్పుడే అడగండి.

ప్రశ్న: భీమవరంలో ఫుట్‌పాత్ మీద బళ్లు. తీయించెయ్యమని రాయొచ్చా?

జవాబు: ఏ బళ్లో ముందు చూడండి. పార్కు చేసిన కార్లు, షాపులవాళ్లు బయటికి జరిపిన ర్యాకులైతే నిస్సంకోచంగా రాయండి. 2025 మేలో సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్ వాడుకునే హక్కు రాజ్యాంగంలో జీవించే హక్కు ఇచ్చే 21వ అధికరణం కిందికి వస్తుందని చెప్పింది, అది అర్జీలో ప్రస్తావించండి. కూరగాయల తోపుడు బండి సంగతి వేరు. వాళ్లకి 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది, చోటు చూపించే బాధ్యత మున్సిపాలిటీది. ఆ చోటు చూపించమనే రాయండి, ఆ బండి తోసే అమ్మ కూడా నడిచే వచ్చి ఉంటుంది.