చిన్న ఎన్‌బీఎఫ్‌సీకి ఆర్‌బీఐ రూల్స్ పాటించడం ఎలా? కన్సల్టెంట్‌కి వదిలేస్తే సరిపోతుందా?

మీరు అడిగింది ఇదీ: విజయవాడలో కుటుంబ ఎన్‌బీఎఫ్‌సీ, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ. ఆటోలు, టూవీలర్లు, సెకండ్‌హ్యాండ్ ట్రాక్టర్ల మీద ఫైనాన్స్, కొంత గోల్డ్‌లోన్. లోన్‌బుక్ 40 కోట్ల చిల్లర, స్టాఫ్ పన్నెండు మంది. ఆర్‌బీఐ నుంచి ఎప్పుడూ ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. రూల్స్ అమలు చూసుకోవడానికి ప్రత్యేకంగా కంప్లయన్స్ ఆఫీసర్‌ని పెట్టుకునే స్తోమత లేదు. నెలనెలా ఫీజు ఇచ్చి ఎవరైనా కన్సల్టెంట్‌కి మొత్తం వదిలేయొచ్చా?

వదిలేయకండి. నేను చేసేదే ఆ కన్సల్టెంట్ పని కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నాను. మా లాంటివాళ్లం రిటర్నులు ఫైల్ చేస్తాం, పాలసీలు రాసిస్తాం, బోర్డు తీర్మానాలు డ్రాఫ్ట్ చేస్తాం. మీ కౌంటర్లో మాత్రం కూర్చోం. రూల్ తప్పేది ఎక్కువగా అక్కడే.

ముందు కాస్త ఊరట కలిగించే మాట. 1,000 కోట్ల లోపు ఆస్తులుండి డిపాజిట్లు తీసుకోని కంపెనీలు బేస్ లేయర్ కిందికి, అంటే ఆర్‌బీఐ ఎన్‌బీఎఫ్‌సీలను విడదీసిన అంచెల్లో అన్నిటికంటే కిందిదానికి వస్తాయి. చీఫ్ కంప్లయన్స్ ఆఫీసర్ ఉండాలన్న రూల్ మిడిల్ లేయర్ నుంచి పైవాళ్లకే. కాబట్టి చట్టప్రకారం మీరు ఆ పోస్టు పెట్టనక్కర్లేదు. అయితే రోజువారీ లెక్కలు తెలిసిన ఒక మనిషికి, మీ సీనియర్ అకౌంటెంటో క్యాషియరో ఎవరైనా సరే, ఈ బాధ్యత పేరు పెట్టి అప్పగించండి. 'అందరూ చూసుకుంటారు' అన్న చోట ఎవరూ చూడరు.

కౌంటర్లో రూల్ ఎలా తప్పుతుందో ఒకటి చెప్తాను. 2023 ఆగస్టు 18న ఆర్‌బీఐ పీనల్ ఇంటరెస్ట్ (ఆలస్యానికి జరిమానాగా వేసే అదనపు వడ్డీ) ఎత్తేసింది. వాయిదా ఆలస్యమైతే పీనల్ ఛార్జీ వేసుకోవచ్చు, దాన్ని అసలులో కలపకూడదు, దాని మీద మళ్లీ వడ్డీ లెక్కకట్టకూడదు. కొత్త లోన్లకు 2024 ఏప్రిల్ 1 నుంచి అమలు, పాతవాటిని అదే ఏడాది జూన్ 30 లోపు మార్చాలి. నేను చూసే ఒక వెహికల్ ఫైనాన్స్ కంపెనీలో బోర్డు పాలసీ టైముకి పాసైంది, నోటీసు బోర్డు మీదా పెట్టారు. అంతా అయిపోయిందన్నారు. నేను ఒక కిస్తీ రసీదు ప్రింట్ తీయించి చూశాను. అడుగున 'ఓడీసీ' (ఓవర్‌డ్యూ ఛార్జీ, ఆలస్య రుసుము) అని ఒక లైను. ఆ మొత్తం వచ్చే నెల బ్యాలెన్సులో కలిసిపోతోంది, దాని మీదా వడ్డీ పడుతోంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చినతనికి ఈ మార్పు గురించి ఎవరూ ఫోన్ చేయలేదు! సెట్టింగ్ మార్చడం చిన్న పనే. అప్పటిదాకా ఎవరెవరి దగ్గర ఎంత ఎక్కువ వసూలైందో తీసి తిరిగి ఇవ్వడానికే ప్రాణం పోయింది.

అందుకే నేను ప్రతి కంపెనీలోనూ ఒకే ఎక్సెల్ షీటు పెట్టిస్తాను. కొత్త రూల్ రాగానే అది ఎక్కడెక్కడ తగులుతుందో రాయాలి: అప్లికేషన్ ఫారంలోనా, అగ్రిమెంటులోనా, సాఫ్ట్‌వేర్‌లోనా, రసీదులోనా, గోడమీది బోర్డులోనా, కలెక్షన్ కుర్రాళ్ల నోటిమాటలోనా. ఒక్కోదానికి ఒక మనిషి పేరు, ఒక తేదీ, పని అయిందనడానికి రుజువు. రుజువంటే పాలసీ కాపీ అనుకోవద్దు. ఆ తేదీ తర్వాత ఇచ్చిన అసలు లోన్ ఫైలు, అసలు రసీదు.

కలెక్షన్ వాళ్ల సంగతి విడిగా ఎందుకు రాశానంటే, బాకీదారుకు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్లు చేయకూడదన్న మాట పాలసీలో చక్కగా ఉంటుంది. ఆటోవాళ్లు ఇంట్లో దొరికేది రాత్రి తొమ్మిదికే. ఫీల్డ్‌లో ఉన్న కుర్రాడికి ఏది ముఖ్యమో మీకు తెలుసు. అతని ఇన్సెంటివ్ లెక్క మార్చకుండా ఎన్ని ట్రైనింగులు ఇచ్చినా దండగ.

2024 అక్టోబరు 1 నుంచి రిటైల్ లోన్లకు ఇవ్వాల్సిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (అప్పు ముఖ్య వివరాల పత్రం) కూడా ఇలాంటిదే. అది అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి, అంటే మీ దగ్గర దాదాపు ఎప్పుడూ తెలుగులోనే. చాలాచోట్ల ఇంగ్లిష్‌ ప్రింటు మీద సంతకం పెట్టించి ఫైల్లో దోపేస్తున్నారు. వడ్డీ ఒక్కటే కాదు, ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో చూపించాలి. అందులో లేని ఛార్జీని తర్వాత అతని స్పష్టమైన అంగీకారం లేకుండా వసూలు చేయడం కుదరదు. ఆర్టీఓ ఖర్చులనీ డాక్యుమెంటేషన్ అనీ కౌంటర్లో అప్పటికప్పుడు కలిపే అలవాటు ఉంటే ఈరోజే ఆపేయండి.

మీకు గోల్డ్‌లోన్ కూడా ఉంది కాబట్టి దాని మీద కొంచెం ఎక్కువ చెప్పాలి. 2025 జూన్‌లో వచ్చిన డైరెక్షన్లకు 2026 ఏప్రిల్ 1 గడువు. సొంత అవసరాలకిచ్చే అప్పయితే, రెండున్నర లక్షల దాకా అప్పుకు బంగారం విలువలో 85 శాతం, ఐదు లక్షల దాకా 80, ఆపైన 75. '85కి పెంచారంట' అని కౌంటర్లో సంబరపడిపోతున్నారు. ఏడాది తర్వాత అసలూ వడ్డీ ఒకేసారి కట్టే లోనైతే, ఆ శాతాన్ని చివర్లో రావాల్సిన మొత్తం మీద చూడాలన్నది చాలామందికి ఎక్కడం లేదు. లెక్క చూడండి. నగ విలువ 2 లక్షలు, అందులో 85 శాతం 1,70,000. మీ వడ్డీ ఏడాదికి 18 శాతమైతే చేతికి ఇవ్వగలిగేది సుమారు 1,44,000 మాత్రమే. దాని మీద ఏడాది వడ్డీ కలిపితే 1,69,920 అవుతుంది. క్యాషియర్ 1,70,000 చేతిలో పెట్టాడంటే ఆ రోజే రూల్ తప్పినట్టు. నెలనెలా వడ్డీ కట్టించుకునే స్కీమ్‌కి ఈ ఇబ్బంది లేదు. అందుకే మీలాంటివాళ్లు అటు మారడమే నయం అంటాను. అప్పు తీరాక నగ అదే రోజు, మహా అయితే ఏడు పనిదినాల్లో తిరిగి ఇచ్చేయాలి. మీవల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం.

ట్రాక్టర్లకు వేరే తలనొప్పి. 2026 మార్చి 31కి 90 రోజులు దాటిన బాకీ అంతా ఎన్‌పీఏనే, అంటే మొండిబాకీయే. 'పంట రాగానే కడతాడులే, పాత కస్టమరు' అనే మాట లెక్కలో నిలబడదు. రైతు ఆదాయం ఆరు నెలలకోసారి వస్తుందనుకుంటే అగ్రిమెంటులోనే ఆరు నెలల వాయిదాలు పెట్టండి. కాగితం మీద నెలవారీ కిస్తీ రాసి, చేతల్లో పంటదాకా ఆగడం వల్లే పుస్తకాలు పాడవుతాయి. ఒకసారి ఎన్‌పీఏ అయ్యాక మొత్తం బకాయి కట్టేదాకా అది మళ్లీ స్టాండర్డ్ (సక్రమమైన ఖాతా) కాదు. ఒకటి రెండు కిస్తీలు వేసి మామూలు చేసే పాత పద్ధతి చెల్లదు.

ఇక కొత్త రూల్స్ తెలుసుకోవడం. వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే సారాంశాలను నమ్మకండి, సగం బ్యాంకులకు వర్తించేవే ఉంటాయి. 2025 నవంబరు 28న ఆర్‌బీఐ వేలకొద్దీ పాత సర్క్యులర్లను రద్దు చేసి, 244 మాస్టర్ డైరెక్షన్లుగా (ఒక్కో అంశం మీద రూల్సన్నీ ఒకచోట చేర్చిన పత్రాలు) సంస్థ రకాన్ని బట్టి విడగొట్టి ఇచ్చింది. ఎన్‌బీఎఫ్‌సీలకు వేరే కట్ట ఉంది. మీ పాలసీల్లో పాత సర్క్యులర్ నంబర్లే ఉంటే వాటిని సరిచేసుకోండి. ఇంకోటి, జరిమానాల మీద ఆర్‌బీఐ ఇచ్చే ప్రెస్ రిలీజులు చదవండి. ఏ కంపెనీకి ఏ తప్పుకు వేశారో అందులో క్లుప్తంగా ఉంటుంది. పరీక్షకు ముందు పాత క్వశ్చన్ పేపర్లు తిరగేసినట్టు, తనిఖీలో ఏం అడుగుతారో దానివల్ల తెలుస్తుంది.

కుటుంబ కంపెనీలు తెలియకుండా పడే గుంట ఒకటుంది. డైరెక్టర్లలో 30 శాతానికి మించి మార్పు జరిగితే ముందుగానే ఆర్‌బీఐ అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. ముగ్గురే డైరెక్టర్లున్న చోట ఒక్కరు మారినా 33 శాతం. నాన్నగారు తప్పుకుని అబ్బాయి వస్తున్నాడంటే అది ఇంటి విషయం అనుకుంటారు, కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర ఫారం వేసేసి ఊరుకుంటారు. 26 శాతం, అంతకుమించి షేర్లు చేతులు మారినా ఇదే రూల్.

కన్సల్టెంట్‌ని పెట్టుకోండి, తప్పులేదు. ఒప్పుకునే ముందు అడగాల్సింది ఒక్కటే: మూడు నెలలకోసారి మా బ్రాంచికి వచ్చి, మీరే ఏరుకున్న పది లోన్ ఫైళ్లు చూస్తారా? కుదరదంటే ఆయన రిటర్నుల వరకే పనికొస్తారు, ఫీజు కూడా ఆ మేరకే మాట్లాడుకోండి.

వీటన్నిటికంటే ముందు మీ ఆడిటర్‌తో ఒక లెక్క వేయించండి. మీలాంటి కంపెనీల నెట్ ఓన్డ్ ఫండ్, అంటే కొన్ని తీసివేతలు పోగా మిగిలే సొంత నిధులు, 2027 మార్చి 31 నాటికి 10 కోట్లు ఉండాలి. 2025 మార్చికి ఉండాల్సిన 5 కోట్లు దాటేశాం కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్లు బ్యాలెన్స్ షీటులోని నెట్‌వర్త్ చూసి 10 కోట్లు కూడా ఉన్నాయనుకుంటున్నారు. కానీ మీ గ్రూపు కంపెనీల్లో పెట్టిన షేర్లు, వాటికిచ్చిన అప్పులు ఓన్డ్ ఫండ్‌లో 10 శాతం దాటితే, దాటినంత ఇందులోంచి తీసేస్తారు. తమ్ముడి రియల్ ఎస్టేట్ కంపెనీకి సర్దినది ఉంటే, ముందు అది వెనక్కి రప్పించే పని చూడండి.